ఎవరూ ఓడిపోని ఆటలో అమ్మమ్మకు చోటుందా?

ప్రశ్న:

నా వయసు 66. కోనసీమలో ఒక పల్లెటూళ్ళో ఒంటరిగా ఉంటాను. మా అమ్మాయి, అల్లుడు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళ కూతురికి తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులకు నెల రోజులు నా దగ్గర వదిలి వెళ్ళారు. పిల్ల వచ్చిందన్న సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. నింటెండో స్విచ్ అని ఒక యంత్రం తెచ్చుకుంది. దాన్ని టీవీకి తగిలించి యోండర్ అనే ఆట ఆడుతూ కూర్చుంటుంది. అందులో కొట్టుకోవడాలు, కాల్చుకోవడాలు నాకైతే కనబడలేదు. కొండలెక్కుతుంది, మొక్కలు నాటుతుంది, గొడ్లను మేపుతుంది. మెరిసే మాయ బొమ్మలేవో దాని వెంట తిరుగుతాయి, అవి ఊదారంగు పొగను పోగొడతాయి. గెలవడం లేదు, ఓడిపోవడం లేదు. మరెందుకే ఆడటం అని అడిగితే "బాగుంటుంది అమ్మమ్మా" అంటుంది. మా వీధిలో ఒక కుర్రాడు ఫోన్‌లో పేకాట ఆడి లక్షలు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి గేమ్ అన్న మాట వింటేనే నాకు టెన్షన్. పిల్లకు తెలుగు అంతంతమాత్రం, నాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరం ఒకే గదిలో ఉంటాం, మాటలు మాత్రం ఉండవు. ఆ యంత్రాన్ని దాచెయ్యనా? లేక ఆ ఆటలో నాకూ ఏమైనా చోటుందా?

— ఒక అమ్మమ్మ, కోనసీమ

సమాధానం:

అమ్మా, నమస్కారం.

మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆటల గురించి నాకు రాసే పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఎలా మాన్పించాలి అని అడుగుతారు. నాకూ చోటుందా అని అడిగింది మీరే. చోటుందమ్మా. యంత్రాన్ని దాచకండి. ఈ సాయంత్రం పిల్ల ఆట మొదలుపెట్టగానే కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చోండి. ఎందుకు కూర్చోమంటున్నానో కాస్త వివరంగా చెబుతాను. ఆ ఆట నాకు బాగా తెలుసు, చాలా ఇష్టం కూడా.

ముందు మీ భయం సంగతి. మీ వీధి కుర్రాడిని ముంచినది, మీ మనవరాలు ఆడుతున్నది రెండింటినీ మనం గేమ్ అనే అంటున్నాం. పేరులో తప్ప వాటికి పోలిక లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, పందెం లేని ఆటలను వేరుగా చూసింది. యోండర్‌ను ఒకసారి డబ్బిచ్చి కొనుక్కుంటే అంతే. ఆ తర్వాత అడుగడుగునా కొనండి కొనండి అని అడగదు. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. అవతల ఊరూ పేరూ తెలియని మనిషి ఎవరూ ఉండరు. ఆడేది ఒక్కరే. కాబట్టి డబ్బు పోతుందేమో, పరాయివాళ్ళు పిల్లతో మాట్లాడతారేమో అన్న దిగులు ఈ ఆట విషయంలో పెట్టుకోనక్కర్లేదు.

ఇక ఆట. దాని పూర్తి పేరు యోండర్: ద క్లౌడ్ క్యాచర్ క్రానికల్స్. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ప్రైడ్‌ఫుల్ స్లాత్ అనే చిన్న స్టూడియో దీన్ని తయారుచేసింది. 2017 జులైలో కంప్యూటర్‌కూ ప్లేస్టేషన్‌కూ వచ్చింది, మరుసటి ఏడాది మే నెలలో మీ మనవరాలి దగ్గరున్న స్విచ్‌కు వచ్చింది. ఓడలో వస్తున్న ఒక పిల్లో పిల్లాడో తుపానులో చిక్కుకుని జెమియా అనే దీవికి చేరడంతో కథ మొదలవుతుంది. ఒక పక్క ఇసుక తీరాలు, ఇంకో పక్క మంచు కొండలు, మొత్తం ఎనిమిది రకాల ప్రాంతాలున్న దీవి అది. మీరు చూసిన ఊదారంగు పొగ పేరు మర్క్. అది దీవిలో అక్కడక్కడా కమ్ముకుని జనానికి దారి లేకుండా చేస్తుంది. మెరిసే బొమ్మలు స్ప్రైట్లు, అంటే చిన్న చిన్న వనదేవతలనుకోండి. కొన్ని ఎక్కడో దాక్కుని ఉంటాయి, కొన్ని ఎవరికైనా సాయం చేస్తే వచ్చి చేరతాయి. ఒక్కో చోట పొగ పోవాలంటే ఇన్ని స్ప్రైట్లు కావాలని లెక్క ఉంటుంది. ఆ లెక్క నిండేదాకా పిల్ల దీవంతా తిరుగుతుంది.

మాయ అనే మాటకు కంగారు పడకండి. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, చిలక మెడ విరిస్తే వాడు చస్తాడు. ఆ కథలు విని మనం హాయిగా నిద్రపోయాం. ఈ ఆటలోని మాయ దానికంటే ఎంతో మెత్తన. ఇందులో చంపడం లేదు, చావడమూ లేదు. చేతికి గొడ్డలి ఇస్తారు గాని అది కట్టె కొట్టడానికే.

మీకు పనికొచ్చే సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ దీవిలో డబ్బు లేదమ్మా. రూపాయిలు లేవు, బంగారు నాణేలూ లేవు. వ్యాపారి దగ్గర ఏదైనా కావాలంటే మన దగ్గరున్నది ఇచ్చి తీసుకోవాలి. మన సరుకు ఒక పక్క, అతని సరుకు ఒక పక్క పెట్టి, విలువ సరితూగితేనే బేరం కుదురుతుంది. ఒక్కో వ్యాపారికి ఒక్కో వస్తువు మీద మోజు ఎక్కువ. బెంగళూరు పిల్లకు ఇది వింత. ఫోన్ చూపిస్తే సరుకు ఇంటికొచ్చే ఊళ్ళో పెరిగిన పిల్ల అది. మీకు వింత కాదు. ఉప్పు బండి వస్తే వడ్లు కొలిచిపోసి ఉప్పు తీసుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేటప్పుడు ఆ గిన్నెలమ్మితో మీరు ఎంతసేపు బేరమాడేవారో, జరీ చీర ఉంటే గిన్నె సైజు ఎలా పెరిగేదో దానికి చెప్పండి. పిల్ల వ్యాపారి ముందు నిలబడినప్పుడే చెప్పండి. ఊరికే కూర్చోబెట్టి "మా రోజుల్లో" అంటూ మొదలుపెడితే వినదు. ఎదురుగా బేరం నడుస్తున్నప్పుడు చెబితే, ఆ మాట దాని చేతిలో ఉన్న పనికి సంబంధించినదవుతుంది. చెవి దానంతటదే మీ వైపు తిరుగుతుంది.

అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. అడవిలో తిరిగే జంతువును పొలానికి తెచ్చుకోవాలంటే దానికి ఇష్టమైన మేత పెట్టి మచ్చిక చేసుకోవాలి. మీరు ఆవునో గేదెనో సాకి ఉంటే ఈ విద్య మనవరాలికంటే మీకే ఎక్కువ తెలుసు. ఆ దీవిలో వడ్రంగులకూ దర్జీలకూ వంటవాళ్ళకూ సంఘాలుంటాయి. వాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలి. పిల్ల వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళిన రోజు ఆట ఆపాక మీ వంటింట్లోకి పిలిచి చూడండి. చేపలు పట్టడం ఉంది. తప్పిపోయిన పిల్లులను దీవంతా వెతికి పట్టుకునే పని ఒకటుంది, పిల్లలకు అది ప్రాణం. టీవీ మీద పిల్లి తోక ముందుగా మీ కంటపడితే మాత్రం వెంటనే చెప్పెయ్యకండి. పిల్లకు కాస్త వ్యవధి ఇవ్వండి.

భాష సంగతి రాశారు. ఈ ఆటలో తెలుగు లేదు, మాటలన్నీ తెర మీద ఇంగ్లీషులో అక్షరాలుగా వస్తాయి. మీకు అదే అడ్డం అనుకుంటున్నారు. నేను అదే దారి అంటాను. మీకు చదవడం రాదు కాబట్టి, "వాడేమంటున్నాడే?" అని మీరు అడగాల్సిందే. అది చదివి మీకు తెలుగులో చెప్పాల్సిందే. మొదట "హి వాంట్స్ వుడ్ అమ్మమ్మా" అంటుంది. మీరు "కట్టెలు కావాలా? ఎన్ని మోపులు?" అనండి. సరిదిద్దకండి. తప్పు పట్టకండి. మీ మాట మీరు అనేసి ఊరుకోండి. నాలుగు రోజులకు మోపు అన్న మాట దాని నోట్లోంచి వస్తుంది. తెలుగు నేర్పుతాను రా అని పలకా బలపం తీస్తే ఈ పిల్ల పారిపోతుంది. ఇక్కడైతే అమ్మమ్మకు అర్థం కావడం కోసం తనే తంటాలు పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు తెలియనిది తనకు తెలియడం, దాన్ని వాళ్ళకు చెప్పగలగడం తొమ్మిదేళ్ళ పిల్లకు ఎంత గొప్పగా ఉంటుందో మీరు దాని ముఖంలోనే చూస్తారు.

ఎవరూ ఓడిపోని ఆట కావడం మీకు వింతగా తోచింది కదా. పక్కన కూర్చునేవాళ్ళకు అదే వరం. కాల్పుల ఆటలో పిల్లల పక్కన కూర్చుంటే మనం అడ్డమే. ఒక్క ప్రశ్న వేస్తే చాలు, వాళ్ళు జవాబు చెప్పేలోగా ప్రాణం పోతుంది, కోపం మన మీదికి వస్తుంది. యోండర్‌లో తొందర లేదు. పిల్ల ఆట మధ్యలో ఆగి మీ వైపు తిరిగి అరగంట కబుర్లు చెప్పినా ఆటలో ఏ నష్టమూ జరగదు. పొద్దు వాలుతుంది, చీకటి పడుతుంది, మళ్ళీ తెల్లవారుతుంది. ఋతువులు మారతాయి. పెరట్లో కూర్చుని మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. దాన్ని దాచి ఈ ఆటను మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. పోటీ ఆటకు ముగింపు ఉంటుంది. ఓడితే ఒక ఆట అయిపోయినట్టు, గెలిచినా అయిపోయినట్టు, లేచిపోవచ్చు. ఓటమే లేని ఆటలో లేవాల్సిన చోటు ఏదో పిల్లకు తెలియదు. ఇంకో మొక్క, ఇంకో పిల్లి, ఆ కొండ అవతల ఏముందో చూసి ఆపేస్తాను అంటుంది. అవతల ఇంకో కొండ ఉంటుంది. ప్రశాంతమైన ఆటలు పిల్లలను గంటలు గంటలు కూర్చోబెట్టేది ఇందువల్లే. పైగా ఈ ఆటలో కథ పలచన. అక్కడిది ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి మోసే పనులు ఎక్కువ. కొన్ని రోజులకు పిల్ల అలవాటుగా ఆడుతుందే తప్ప ఇష్టంతో ఆడదు. అది మీకు తెలిసిపోతుంది, అప్పుడు వేరే పనికి పిలవండి.

ఎలా ఆపించాలో నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట మా చెల్లెలి కొడుకు కంప్యూటర్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ ఆడుతున్నాడు. అది కూడా పొలం, పల్లె, అడవిలో ఒక మాంత్రికుడి గోపురం ఉన్న ఆట. ఎరిక్ బరోన్ అనే ఆయన నాలుగేళ్ళకు పైగా ఒక్కడే కూర్చుని తయారుచేసి 2016లో విడుదల చేశాడు. భోజనానికి నాలుగుసార్లు పిలిచాను. వాడు రాలేదు. వెళ్ళి గోడమీద స్విచ్చి కట్టేశాను. ఆ ఆటలో రోజంటే మన లెక్కలో పద్నాలుగు నిమిషాలు. ఆటలోని మనిషి ఇంటికెళ్ళి మంచమెక్కి నిద్రపోతేనే ఆ రోజు చేసిన పని భద్రపడుతుంది. వారం రోజులుగా చిక్కని చేపను వాడు ఆ పూటే పట్టాడట. అదంతా పోయింది. నాకది పద్నాలుగు నిమిషాల కన్నా తక్కువ. వాడికది ఆ వారమంతా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి వెళ్ళి, నాకు తెలియక చేశాను, తప్పు నాదే అని చెప్పాను. ఆ తర్వాత "మంచమెక్కాక వస్తావా?" అని అడగడం మొదలుపెట్టాను. వాడు ప్రతిసారీ వచ్చాడు.

అందుకే గడియారం చూపించి "ఆరైంది, ఆపు" అనకండి. కాస్త ముందుగా "ఇప్పుడు ఏ పని మీద ఉన్నావు?" అని అడగండి. "ఈ వంతెన కట్టాలి" అంటుంది. "అది అయ్యాక ఆపి జీడిపప్పులు వేయించుకుందాం" అనండి. పక్కన కూర్చున్న మనిషికి వంతెన పూర్తయిందో లేదో కనబడుతుంది. వంటింట్లోంచి కేకేసే మనిషికి కనబడదు. పిల్లకు ఆ తేడా తెలుసు. నా మట్టుకు నాకు సాయంత్రం ఒక గంట, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఇంకో గంట చాలనిపిస్తుంది. ఉదయం పూట మాత్రం ఆట వద్దు. కాలువ గట్టు, కొబ్బరి తోట, మీ ఊరి సంత దానికి బెంగళూరులో దొరకవు. దీవిలో మొక్కలు నాటడం దానికి ఇష్టమైతే మీ పెరట్లో ఒక మూల దానికి రాసిచ్చేయండి. నాలుగు బెండ గింజలు చాలు. అది వెళ్ళేలోగా మొలకలు వచ్చేస్తాయి.

ఆట వ్యసనమైపోతుందా అన్న అనుమానం ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ వల్ల వచ్చే రుగ్మతను 2019లో తన వ్యాధుల జాబితాలో చేర్చింది, 2022 నుంచి అది అమల్లో ఉంది. ఎన్ని గంటలు ఆడారన్నది అక్కడ కొలమానం కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, నిద్ర, చదువు, స్నేహాలు అన్నిటికంటే ఆటే ముందుకు రావడం, దానివల్ల చెడు జరుగుతున్నా ఆడుతూనే ఉండటం, ఇవి మామూలుగా ఏడాది పాటు సాగితే అప్పుడు రుగ్మత అంటారు. కొత్త ఊళ్ళో, స్నేహితులు లేనిచోట, భాష సరిగా రాని ఇంట్లో కొన్నాళ్ళు టీవీ ముందు కూర్చున్న పిల్లను ఆ గాటన కట్టకండి. అమ్మానాన్నలు లేని కొత్తచోట తనకు తెలిసిన చోటు అదొక్కటే అయి ఉంటుంది. తిండి మానేసినా, ఆట ఆపితే వస్తువులు విసిరేసినా, రాత్రిళ్ళు దొంగచాటుగా లేచి ఆడుతున్నా మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

యోండర్ మీద మోజు తగ్గాక మీ అల్లుడిని ఇంకో ఆట అడగండి. ఎ షార్ట్ హైక్ అని, కెనడాకు చెందిన ఆడమ్ రాబిన్సన్-యూ 2019లో తెచ్చిన చిన్న ఆట. రెండు మూడు గంటల్లో అయిపోతుంది కాబట్టి ఎప్పుడు ఆపాలన్న గొడవే ఉండదు. అందులో క్లేర్ అనే చిన్న పక్షి వేసవి సెలవులకు తన పిన్ని దగ్గరికి వస్తుంది. ఒక ముఖ్యమైన ఫోన్ కోసం ఎదురుచూస్తుంటుంది, అక్కడేమో సిగ్నల్ రాదు. సిగ్నల్ కోసం కొండ శిఖరానికి ఎక్కాలి. దారిలో బంగారు ఈకలు దొరికిన కొద్దీ ఇంకా పైకి ఎగరగలుగుతుంది. అల్లుడి ఫోన్ వస్తే మేడెక్కి మాట్లాడే మనకు ఆ పక్షి కష్టం చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ ఫోన్ ఎవరిదో నేను చెప్పను. మీరిద్దరూ కలిసి శిఖరం ఎక్కండి.

చివరగా, మీరు చూస్తూ కూర్చోవడమే కాదు, ఆడవచ్చు కూడా. స్విచ్ చేతిపరికరం రెండు ముక్కలుగా విడిపోతుంది, ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి. వాటిని జాయ్‌కాన్‌లంటారు. ఎలా విడదీయాలో మనవరాలికి తెలుసు. రెండూ కలిసి ఒకే ఆటగాడిని నడుపుతాయి కాబట్టి ఎడమది మీరు పట్టుకోండి, కుడిది దానికివ్వండి. ఎడమ దానిమీదున్న చిన్న పుల్లను ఎటు నెడితే బొమ్మ అటు నడుస్తుంది. ఎటువైపు చూడాలి, ఏది తీసుకోవాలి అన్నది కుడి చేతి పని. నడక మీది, చూపు దానిది. మాట్లాడుకోకపోతే బొమ్మ ఒక్క అడుగు కూడా సవ్యంగా వెయ్యదు. గదిలో లైటు వేసుకోండి, టీవీకి కాస్త దూరంగా కూర్చోండి. తెర గిర్రున తిరిగితే కొందరికి కళ్ళు తిరుగుతాయి. అలా అనిపిస్తే కళ్ళు మూసుకుని, నెమ్మదిగా తిప్పమని దానికి చెప్పండి. మొదటిరోజు చెట్లకూ రాళ్ళకూ తగులుతారు. పిల్ల "లెఫ్ట్ అమ్మమ్మా, లెఫ్ట్" అని అరుస్తుంది, మీరు "ఎడమకా?" అని అడుగుతారు. ఆ గందరగోళంలో ఎప్పుడో కొండ అంచు దాటి అవతలికి అడుగు వేసేస్తారు. కంగారు పడి చేతిలోది వదిలెయ్యకండి. ఆ ఆటలో ఎంత ఎత్తునుంచి పడినా గొడుగు తెరుచుకుంటుంది, మెల్లగా కిందికి దిగుతారు.